గట్టు దాటిన తీగ

కుప్పం దగ్గర బాలప్ప అరెకరం చేనులో సముద్రం జానెడు వెడల్పు ఉండేది. అది గట్టు. గట్టుకు తూర్పున పండే గెర్కిన్ దోసకాయలు యూరప్‌కు, పడమటవి బ్రిటన్‌కు. ఇదివరకు రెండూ ఒకే పీపాలో ఉప్పునీళ్లలో మునిగి, ఒకే ఓడలో పోయేవి. బ్రిటన్ యూరప్ కూటమిలోంచి విడిపోయాక చట్టాలూ విడిపోయాయి. ఆకుపురుగుకు కొట్టే ఒక మందును బ్రిటన్ ఇంకా ఒప్పుతుంది, యూరప్ ఒప్పదు. అందుకని కాయలు కొనే కంపెనీవాళ్లు చేను మధ్య గట్టు వేయించి, తూర్పుకు నీలం చీటీలు, పడమటికి ఎర్ర చీటీలు ఇచ్చారు. నీలం చీటీ బుట్టలో ఆ మందు జాడ కనబడితే రైతు పేరు జాబితాలోంచి పోతుంది. పేరు పోతే మరుసటి పంటకు విత్తనం రాదు. చూపుడువేలంత ఆ కాయను కంపెనీ తప్ప కుప్పం సంతలో అడిగేవాడూ లేడు.

బాలప్ప సముద్రం చూడలేదు. పెళ్లైన ఏడు, భార్య పాపమ్మ పుట్టింటికి పోతూ, పుంగనూరు చెరువు నిండి మరవ మీదుగా పొర్లి పారడం చూశాడు. అంతకంటే పెద్ద నీళ్లు ఆయనకు తెలియవు. మధ్యాహ్నం కానుగ చెట్టు కింద కునుకు పడితే ఆ నీళ్లే వచ్చేవి. గట్టు మెల్లగా కరిగి నీళ్లయ్యేది. అటు ఒడ్డున తెల్లవాళ్లు, ఇటు ఒడ్డున తెల్లవాళ్లు, చీటీలు పట్టుకుని ఏదో అడిగేవారు. చప్పుడు వినబడేది కాదు. పాపమ్మ ఒడి నిండా కాయలతో నీళ్ల మీద నడిచి వచ్చేది. ఏ ఒడ్డుకూ చేరేది కాదు.

ఆ రోజు కునుకులోంచి లేపింది పాపమ్మే.

"ఏమయ్యా, లెయ్యి. ఈడ సూడు."

ఆకుల కింద ఒక తీగ. బ్రిటన్ పక్క పుట్టి, గట్టెక్కి, యూరప్ పక్క కాపు కాసింది. రోజూ పొద్దున్నే తీగల కొసలు వెనక్కి మళ్లించేది పాపమ్మే. కానీ పిందె పట్టిన తీగను తిప్పకూడదని వాళ్లమ్మ మాట. అందుకే దీన్ని వదిలేసింది. వదిలేసి మరిచిపోయింది.

"నిన్నా మొన్నా దీని కాయలు నీలం బుట్టలోనే ఏసినానయ్యా."

"ఆ పక్క మందు కొట్టి ఎన్ని దినాలు?"

"నాలుగు. పెరికి పారేస్తా, ఎవురికి తెలుస్తాది? గుప్పెడు కాయలు."

బాలప్ప వంగాడు. తీగను ఎత్తి చూశాడు. నులితీగ ఒకటి ఆయన చిటికెనవేలి మీద వాలి, అక్కడే ఆగింది.

సాయంత్రం కాయల బండితో భీమరావు వచ్చాడు. మదనపల్లె మనిషి, కంపెనీ ఫీల్డ్ ఆఫీసరు. చీటీలు కట్టబోతుంటే బాలప్ప తీగను చూపించి, జరిగింది రెండు ముక్కల్లో చెప్పాడు.

భీమరావు తల పట్టుకున్నాడు. "యాల సెప్పినావప్పా నాకు? సెప్పకుంటే నేను సూసుండను గదా!"

"నువ్వు సూసుండవు సార్. నేను సూస్తిని."

"తీగ గట్టు దాటితే ఏం జెయ్యాలో నా కాగితంలో లేదు. మొదలు బ్రిటన్‌ది, కాయ యూరప్‌లో. యా చట్టం కింద రాసేది?"

"వాళ్లకే తగువొస్తే తీర్పెవురు సెప్తారు సార్?"

"ఆడే ఉండాది మెలిక. తిండి వస్తువులకి మళ్లా ఒకే చట్టం పెట్టుకుందామని మాట్లాడుకుంటాండారు. మా చట్టానికి అర్థం మా కోర్టే సెప్పల్లంటాది యూరప్. బ్రిటన్‌లో కొందరికి అది మింగుడు పడటంలే."

పాపమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. "ఏరు కాపురం పెట్టిన కోడలు, కూరలో ఉప్పు సూసి పొమ్మని అత్తను పిల్సినట్లుండాదే!"

భీమరావు నవ్వాడు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "నీ బుట్టలు ఇంకా షెడ్డులోనే ఉండాయి, పీపాల్లో పడలే. నీలం తీసి ఎర్ర చీటీలు కడతా. పైవాళ్లకి సెప్పక తప్పదు. నీ పేరుంటాదో పోతాదో నా సేతిలో లేదు."

బండి పోయింది. బాలప్ప పార తీసుకుని గట్టు దగ్గరకు నడిచాడు.

"ఏం జేస్తాండావు?" అంది పాపమ్మ.

"గట్టు తీస్తాండా. ఈ కాపంతా ఎర్ర చీటీకే పోనీ. ఇంక ఆ మందు యా పక్కా కొట్టేది లే. కరుకు చట్టం యాదో, రెండు పక్కలా అదే."

"పురుగు తింటాది."

"తిన్నంత తిననీ."

"విత్తనమే ఇయ్యకపోతే?"

 పార ఆడుతూనే ఉంది.

కాపు అయిపోయేసరికి ఆకులు సగం జల్లెడలయ్యాయి. తీగలు అటువి ఇటు, ఇటువి అటు అల్లుకుని, ఏది ఎక్కడ పుట్టిందో పాపమ్మ కూడా చెప్పలేకపోయింది. కబురు లేకుండా ఇరవై దినాలు గడిచాయి. ఆమె ఇరుగుపొరుగు చేలలో కూలికి అడగడం మొదలుపెట్టింది.

ఒక పొద్దున భీమరావు వచ్చి చేను మధ్య నిలబడి వెతికాడు.

"గట్టు యాడప్పా?"

"వాళ్లు మాట్లాడుకునేలోపల ఈయన తీసేసినాడు సార్. ఆ మందూ మానేసినాడు," అంది పాపమ్మ.

భీమరావు సంచీలోంచి విత్తనం పొట్లం తీశాడు. దాని వెంట రెండు రంగుల చీటీల కట్టలు. ఎర్రవి మళ్లీ సంచీలో వేసి, నీలంవి ముందు పెట్టాడు. "సెప్పినోని పేరు కొట్టేస్తే ఇంక యా రైతూ సెప్పడని పైవాళ్లు అనుకున్న్యారు. అయితే ఒక మాట, పురుగు సంగతి నువ్వే సూసుకోవాల."

బాలప్ప తల ఊపాడు. పొట్లం పాపమ్మ చేతికిచ్చాడు.

ఆ మధ్యాహ్నం కానుగ నీడలో మరవ నీళ్లు మళ్లీ వచ్చాయి. ఎవరూ ఏమీ అడగలేదు. పాపమ్మ నీళ్ల మీద నడుస్తూ ఆయన దాకా వచ్చింది. ఒడిలోంచి ఒక కాయ తీసి చేతిలో పెట్టింది. చల్లగా ఉంది.