నాలుగోసారి వద్దన్నప్పుడు

మా ఆయన ఆర్లోకి ఒకరి సాయం పుచ్చుకోవడమంటే ప్రాణం మీదికొచ్చినట్టే. ఊళ్లో ఎవరి ట్రాక్టరు దిగబడినా పరుగెత్తుకెళ్తాడు. తనది దిగబడితే మాత్రం పొద్దంతా ఒక్కడే మట్టి తవ్వుకుంటాడు. కొరియా యుద్ధంలో మంచుకి ఎడమ కాలి వేళ్లు మూడు పోగొట్టుకుని వచ్చాడు. పెళ్లయిన కొత్తలో ఆ కాలికి మేజోడు తొడగబోతే, అదీ వద్దన్నాడు. నలుగురు పిల్లల్ని భుజాన మోశాడు, వాళ్లకి జ్వరమొస్తే నన్ను పడుకోబెట్టి తాను మేలుకున్నాడు. మంచి మొగుడే, కాదనను. మహా మొండి.

ఆ ఏడు మొక్కజొన్న కోతకొచ్చిన వారంలోనే ఆయనకి గుండె ఆపరేషన్ అయింది. రెండు నెలలు కోత మిషన్ ఎక్కకూడదన్నాడు డాక్టరు. మా అల్లుడొక్కడి వల్ల అయ్యే పని కాదు. రేడియోలో వింటే మంచు వస్తోందంటున్నారు. మంచు పడి చేను ఒరిగిందంటే ఏడాది కష్టం నేలపాలే.

శనివారం పొద్దున్న కాఫీ కాస్తూ కిటికీలోంచి చూద్దును కదా, మా మట్టిరోడ్డు మీద వరసగా కోత మిషన్లు! ముందు దాని మీద మా పక్కపొలం డెల్మర్. వెనక గింజలు తోలే లారీలు, ఆ వెనక మూతపెట్టిన గిన్నెలు ఒళ్లో పెట్టుకుని కార్లలో ఆడవాళ్లు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఆర్లో ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే వెళ్లి గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం డెల్మర్, దారి తప్పావా?"

"నీ చేను కోసిపెడదామని వచ్చాం."

"అబ్బే, ఎందుకయ్యా! మీ చేలున్నాయిగా."

"అవెక్కడికి పోతాయి?"

"వద్దులే, మెల్లిగా నేనే కోసుకుంటాను."

"ఆఁ, కుట్లూడదీసుకుని మరీ కోసుకుంటావు! తప్పుకోవయ్యా బాబూ."

"నిజంగా వద్దు డెల్మర్."

అంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు. మా వైపు కేకు ముక్క ఇచ్చినా మూడుసార్లు వద్దనడం మర్యాద. ఆ తర్వాత "సరే, మీ ఇష్టం" అనాలి. ఆ మాట కోసమే డెల్మర్ నవ్వుతూ చూస్తున్నాడు.

"వద్దన్నానా! వెనక్కి తిప్పండి" అన్నాడు ఆర్లో.

నాలుగోసారి. డెల్మర్ మొహం చిన్నబోయింది. ఇంజను ఆపేశాడు. వెనకవి కూడా ఒక్కొక్కటే ఆగిపోయాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏప్రన్‌తోనే బయటికి వెళ్లాను.

"బుద్ధుందా నీకు? ఇంటికొచ్చిన వాళ్లతో అనే మాటేనా అది? చేను మంచుపాలు చేస్తావా?"

ఆయన నా వైపు తిరిగాడు.

"నీకు తెలీదు లవాన్. అక్కడ కొరియాలో కాళ్లు గడ్డకట్టి పడిపోతే, వుడీ అని ఒకడు నన్ను వీపున మోసుకొచ్చి ట్రక్కెక్కించాడు. ఇంకొకణ్ణి తెస్తానని వెనక్కెళ్లాడు. మళ్లీ రాలేదు. నాకోసం ఒకడు పోయింది చాలు. ఇంకెవరూ ఏమీ పోగొట్టుకోవద్దు."

ఇన్నేళ్ల కాపురంలో ఆ పేరు వినడం అదే మొదలు. నా కోపం ఎటు పోయిందో తెలీదు.

"మోస్తానంటే నువ్వు వద్దన్నావా?"

"అన్నాను. వదిలేసి పొమ్మని తిట్టాను కూడా."

"విన్నాడా?"

"వినలేదు."

"వినుంటే నాకు నువ్వెక్కడ? మన పిల్లలెక్కడ? ఆ అబ్బాయి నీ మాట విననందుకే కదా నాకింత సంసారం! నేను రోజూ అతనికి దణ్ణం పెట్టుకోవాలి. వీళ్లూ వినరు. వినకపోనీ."

ఆయన తనే గేటు తీశాడు.

పొద్దుగూకే లోపల చేను మొత్తం కోసేశారు. షెడ్డులో బల్లలు వేసి హామ్ రొట్టెలు, వేడి కాఫీ, తియ్యటి యాపిల్ పైలు పెట్టాం. అందరూ ఉన్నారు, ఆర్లో లేడు. డెల్మర్ కూడా లేడు. బయటికి వెళ్లి చూస్తే మిషన్ల దగ్గర ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఆర్లో రెండు చేతులతో డెల్మర్ చెయ్యి పట్టుకుని ఉన్నాడు.

"చాల్లేవయ్యా, ఇందాక అందరికీ థాంక్స్ చెప్పావుగా. చలిలో ఏంటిది? లోపలికి పద" అంటున్నాడు డెల్మర్.

"నీ మేలు మర్చిపోను డెల్మర్. ఈ మాట వుడీకి చెప్పే వీల్లేకపోయింది. నీకైనా చెప్పనీ."

డెల్మర్ రెండో చేత్తో టోపీ తీసి, వుడీ బదులు ఆ మాట తను చెప్పించుకున్నాడు.