కొమ్ములు లేని పురుగు

భర్త పోయాక ఆమె మళ్ళీ పచ్చిక బయలుకి వెళ్ళడం అదే మొదలు. పశువులు మేసి వెళ్ళిన చోట మోకాళ్ళ మీద కూర్చుని, ఆరుతున్న పేడకుప్పను పక్కకి జరిపి, కింద ఉన్న సన్నటి సొరంగాన్ని చిన్న తాపీతో మెల్లగా తవ్వింది. జానెడు లోతున పేడ ఉండ కనిపించింది. దానికి అటొకటి ఇటొకటి రెండు పురుగులు. ఒకదాని తలమీద కొమ్ములున్నాయి. రెండోదానికి లేవు.

ఆమె తాపీ పక్కన పెట్టి ఇంకా దగ్గరికి వంగింది.

పేడపురుగుల్లో ఆలుమగలు కలిసి గూడు కట్టుకునే జాతులున్నాయి. ఒకే గూట్లో ఒకే ఉండను పట్టుకుని కూర్చున్నాయంటే ఆ రెండూ మొగుడూ పెళ్ళాలన్నమాట. కానీ ఇవి వేర్వేరు జాతులని లోకానికి చెప్పింది ఆమే. పురుగుల మీద పరిశోధన చేసే ఉద్యోగంలో చేరిన కొత్తలో కొమ్ములున్నది ఒక కొండవాలులో దొరికితే, కొండ పేరు కలిపి దానికి పేరు పెట్టింది. ఆ తర్వాత ఎక్కడో మైదానంలో కొమ్ముల్లేనిది దొరికింది. అప్పటికి కొత్తగా పెళ్ళయింది. ఆ మురిపెంలో దానికి భర్త పేరు పెట్టింది.

"ఇన్ని పురుగులుండగా కొమ్ముల్లేనిదానికా నా పేరు?" అని ఆయన చాలా రోజులు దెప్పాడు.

"మీకు మాత్రం ఉన్నాయా?" అంది ఆమె.

దెప్పాడే గానీ, ఇంటికొచ్చిన ఏ ఒక్కరికీ ఆ పురుగు ఫొటో చూపించకుండా కాఫీ ఇచ్చేవాడు కాదు.

మర్నాడు ఆఫీసులో నమూనాలు దాచే పురుగుల గదిలో పాత సొరుగులు రెండూ బయటికి తీయించింది. ఆ గదిని చూసుకునే పెద్దాయనని అందరూ కలరా ఉండల బాబాయ్ అంటారు. ఆయన చొక్కా ఏ సబ్బుతో ఉతికినా ఆ వాసన వదలదు. ఆమె సూదికి గుచ్చిన ఒక్కొక్క పురుగునీ తీసి, పొట్ట మెత్తబరిచి, సూక్ష్మదర్శిని కింద చూస్తూ వచ్చింది. సాయంత్రానికి చూడాల్సింది మిగల్లేదు.

"ఏమ్మా, అలా ఉన్నావు?"

"కొమ్ములున్నవన్నీ మగవి బాబాయ్. లేనివన్నీ ఆడవి. కొమ్ముల్లేనిదాని మగదీ, కొమ్ములదాని ఆడదీ ఎప్పటికో ఒకప్పుడు దొరుకుతాయిలే అనుకుంటూ ఇన్నాళ్ళూ కూర్చున్నాను."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఒకే జాతికి రెండు పేర్లుంటే ముందు పెట్టినదే నిలుస్తుంది. ఆ నియమం ఆయనకీ తెలుసు. ముందు పెట్టింది కొండ పేరు.

"ఈ పురుగుల జోలికి వచ్చేవాళ్ళెవరమ్మా? ఈ సొరుగులు మళ్ళీ ఎవరు తెరుస్తారో ఏమో. నువ్వు ఊరుకుంటే సరి."

"ఎవరో ఒకరు తెరుస్తారు బాబాయ్. తెరిచి ఆయన పేరు కొట్టేస్తారు. ఆ పని పరాయివాళ్ళకెందుకు వదలడం?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. సొరుగులు జాగ్రత్తగా లోపలికి నెట్టాడు.

బాబాయ్‌కి చెప్పడం ఒక ఎత్తు, ఇంట్లో చెప్పడం ఒక ఎత్తు. అత్తగారు రోజూ కొడుకు ఫొటో తుడిచి, అదే గుడ్డతో పక్కనున్న పురుగు ఫొటో కూడా తుడుస్తుంది. ఆ సాయంత్రం కూడా అదే పనిలో ఉంది.

"అత్తయ్యా, ఆ పురుగు పేరు మారుతుంది."

గుడ్డ ఆగింది. "అంటే? వాడి పేరు తీసేస్తావా?"

"పూర్తిగా పోదు. అసలు పేరు కింద రాస్తాం. ఆ పురుగు గురించి చదివేవాళ్ళకి అక్కడ కనిపిస్తుంది. కానీ పిలిచేది మాత్రం ఆ పేరుతో కాదు."

"ఎవరైనా అడిగారా నిన్ను?"

"ఎవరూ అడగలేదు. తప్పు నాది, నేనే దిద్దాలి."

"పెట్టిందీ నువ్వే, తీసేదీ నువ్వే. మధ్యలో మేమెందుకు?" ఆవిడ గోడవైపు తిరిగిపోయింది. ఫొటో తుడుస్తూ, అటు తిరిగే అడిగింది: "ఇంతకీ ఎలా తెలిసింది?"

"రెండూ ఒకే గూట్లో ఉన్నాయి. మగది పైనుంచి పేడ దింపుతుంది, ఆడది ఉండ చేసి అందులో గుడ్డు పెడుతుంది."

"ఇది ఏది? ఈ కొమ్ముల్లేనిది?"

"...ఆడది."

అత్తగారు ఇటు తిరిగింది. "ఏమిటీ? ఇన్నాళ్ళూ మావాడి పేరు ఆడపురుగుకి పెట్టావా?"

"అవునత్తయ్యా."

ఆవిడ పెదవి బిగబట్టింది. బిగబట్టినా ఆగలేదు. "వాడికి తెలిస్తే నిన్ను బతకనిచ్చేవాడా! వీధిలో పోయేవాళ్ళని పిలిచి మరీ చెప్పేవాడు," అంటూ నవ్వింది. ఆమెకీ నవ్వొచ్చింది. భర్త పోయాక ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు. నవ్వీ నవ్వీ చివరికి అత్తగారు చేతిలో ఉన్న గుడ్డతోనే కళ్ళు తుడుచుకుంది.

"ఆ కొమ్ములదాని ఫొటో ఉంటే తీసుకురా," అంది తర్వాత. "పాపం, ఇది ఇన్నాళ్ళూ ఒక్కతే ఉంది."

పేరు దిద్దుతూ వ్యాసం రాసి పత్రికకి పంపించిన రోజున ఆమె ఆ ఫొటో తెచ్చింది. మేకులు కొట్టడం ఆ ఇంట్లో ఎప్పుడూ భర్త పనే. ఈసారి ఆమె కొట్టింది. మేకు కాస్త వంకరగా దిగింది. అత్తగారు దాని మీదే ఫొటో తగిలించి, అదే గుడ్డతో తుడిచింది.