భోజనాల బల్ల దగ్గర సాక్షి

మా ఆయన నన్ను "మీరు" అన్నారంటే నాకు కాళ్ళు చల్లబడతాయి. ఇంట్లో నేను "నువ్వు", కోపమొస్తే "ఏమే". "మీరు" అన్నారంటే భోజనాల బల్ల కోర్టయిపోయిందని, గోడవైపు కుర్చీలో కూర్చున్న నేను సాక్షినని అర్థం.

ఇది ఆయన నల్లకోటు కొత్తగా తొడుక్కున్న రోజుల నాటి అలవాటు. రేపు బోనెక్కే మనిషిని ఏమడగాలో ఇవాళ నన్నడిగి చూసుకునేవారు. దొంగని నేనే, దొంగని చూసిన పొరుగావిడని నేనే. అబద్ధమాడితే నా చెవులు ఎర్రబడతాయి. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి "అవిగో చెవులు!" అని నవ్వేవారు. పొయ్యి మీద కూర మాడిపోతోందని మొత్తుకున్నా వదిలేవారు కాదు. ఆ నోరే ఆయన్ని చిన్నకోర్టు వరండాలోంచి శాసనసభకీ, అక్కణ్ణించి న్యాయశాఖ మంత్రి కుర్చీలోకీ తీసుకుపోయింది. జవాబు తెలియని ప్రశ్న కోర్టులో అడగకూడదని జూనియర్లకి అన్నం తింటున్నప్పుడు కూడా నూరిపోసేవారు.

ఈసారి కేసు మాదే.

ఒక తెల్లవారుజామున మా ఆడపడుచు ఇంటినుంచి తిరిగొస్తున్నాం. గన్‌మన్‌ని ముందే పంపేశారు. కొత్త కారు, ఖాళీ రోడ్డు. మా ఆయనకి సరదా పుట్టి, డ్రైవర్ని పక్క సీట్లోకి పొమ్మని తనే నడిపారు. నేను వెనక కునుకు తీస్తున్నాను. ధడేల్‌మన్న చప్పుడుకి మెలకువొచ్చింది. డ్యూటీ దిగి సైకిల్ మీద ఇంటికెళ్తున్న వాచ్‌మన్ రోడ్డు పక్కన పడున్నాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. కదలకుండా, కళ్ళు సగం మూసుకునే ఉండిపోయాను. ఆ సగం కంటితోనే చూశాను. మా ఆయన స్టీరింగ్ వెనకనుంచి దిగారు. చేత్తో సైగ చేశారు. డ్రైవరు చుట్టూ తిరిగొచ్చి ఆ సీట్లో కూర్చున్నాడు. ఆ తర్వాతే వెనక తలుపు తీసి, "అమ్మా, లేవండమ్మా, నేను గుద్దేశానమ్మా" అని ఏడ్చాడు. నేను అప్పుడే లేచినట్టు లేచాను.

దెబ్బలే కదా, సాయంత్రానికి బెయిలొచ్చేస్తుందని మా ఆయన డ్రైవర్ని ఒప్పించారు. వాచ్‌మన్ ఆసుపత్రిలో పోయాడు. ఇప్పుడది జైలు వ్యవహారం. కారు నడిపింది మంత్రేనని సభలో ప్రతిపక్షం గోల చేస్తే ప్రభుత్వం రిటైరైన జడ్జిగారితో విచారణ వేసింది. నన్నూ పిలిచారు.

నేను చూశానని మా ఆయనకి తెలియదు. తెలిస్తే ఏం చేస్తారో నాకు తెలియదు. మధ్యాహ్నం కాస్త కన్నంటుకున్నా ఉలిక్కిపడి లేచి, నిద్రలో ఏమైనా వాగానేమోనని వంటావిడ ముఖం చూసేదాన్ని. ఆయన గొంతు సవరించుకుంటే చాలు, చేతిలో గ్లాసు జారేది. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడంటే ఇంత భయం ఎప్పుడూ లేదు.

విచారణకి ముందు మళ్ళీ గోడవైపు కుర్చీలో కూర్చోబెట్టారు.

"మీరు కారులో ఉన్నారా?"

"ఉన్నాను."

"ప్రమాదం జరిగినప్పుడు ఏం చేస్తున్నారు?"

"నిద్రపోతున్నాను."

ఆయన నా చెవులు చూసుకున్నారు. నేనన్నది నిజమే కాబట్టి అవి చల్లగానే ఉన్నాయి. "భేష్! అంతే. నువ్వు పడుకున్నావు, ఏమీ చూళ్ళేదు. ఎవరెన్ని తిప్పి అడిగినా ఇదే మాట," అన్నారు. చూశావా అని అడగలేదు. చూళ్ళేదని ఆయనే చెప్పేశారు. మెలకువొచ్చాక ఏం చూశావన్న ప్రశ్న ఎవరికీ తట్టకూడదని దేవుడికి మొక్కుకున్నాను.

గేటు దగ్గర, బెయిలు మీదొచ్చిన డ్రైవరు కారు తుడుస్తున్నాడు. మాకు స్కూటరైనా లేని రోజుల్లో తన ఆటోలో మా ఆయన్ని కోర్టుకి చేర్చినవాడు. వాడే నాకు ధైర్యం చెప్పాడు. "మీరు కంగారుపడకండమ్మా. సారు చూసుకుంటారు. మా పిల్లని మాత్రం కాస్త కనిపెట్టుకోండి." చేతిలో గుడ్డ తుడిచినచోటే తుడుస్తోంది.

విచారణ జరిగే గదిలో ఫ్యాన్ల మోత. ముందు వరసలో వాచ్‌మన్ అక్క తమ్ముడి ఖాళీ అన్నం క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెనక గోడకానుకుని డ్రైవరు. మా ఆయన వేరే వకీలుని పెట్టుకోలేదు. ఆయన నోరుండగా ఇంకొకరి నోరెందుకు?

వాచ్‌మన్ తరఫు వకీలు అటూ ఇటూ తిప్పి అడిగాడు. నిద్రపోతున్నానన్న మాట వదల్లేదు. చివరికి అతను నవ్వి, "మంత్రిగారి భార్య అదృష్టవంతులండీ, అవసరానికి నిద్ర ముంచుకొస్తుంది," అని కూర్చున్నాడు. గది గొల్లుమంది. విలేకరులు కూడా నవ్వారు.

గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకుంటున్నాను. కానీ మా ఆయన తనని చూసి ఎవరైనా నవ్వితే ఓర్చుకునే మనిషి కాదు. లేచి నిలబడ్డారు. వద్దు, కూర్చోండి అని అరవబోయి నోరు నొక్కుకున్నాను.

"మీకు మెలకువ వచ్చాక ముందుగా ఏం చూశారో జడ్జిగారికి చెప్పండి."

ఏడుస్తున్న డ్రైవర్ని చూశాను అంటానని ఆయన నమ్మకం. ఆ జవాబు తనకి తెలుసనే అడిగారు. వెనకనుంచి డ్రైవరు వద్దమ్మా అన్నట్టు తలూపుతున్నాడు. క్యారేజీ గిన్నె పట్టుకున్న ఆవిడ నన్నే చూస్తోంది.

"డ్రైవరు..." అన్నాను. చెవులు భగ్గుమన్నాయి.

మా ఆయన అలవాటుగా కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశారు. నా చెవులు చూశారు. ముఖంలో రక్తం ఇంకిపోయింది. "చాలు. ఆ ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను," అన్నారు గబగబా.

"అడిగారు కదా మంత్రిగారూ, చెప్పనివ్వండి," అన్నారు జడ్జిగారు.

ఆయన భయపడటం నేను చూడటం అదే మొదలు. ఇన్నాళ్ళూ ఆ భయమంతా నన్నూ డ్రైవర్నీ మొయ్యమన్నారు. నాకు ఒళ్ళు మండింది. జడ్జిగారి వైపు తిరిగి చెప్పాను.

"మా ఆయన స్టీరింగ్ వెనకనుంచి దిగడం చూశానండి. డ్రైవరు పక్క సీట్లోంచి దిగొచ్చి అక్కడ కూర్చోవడం చూశాను."

చెవులు చల్లబడ్డాయి. డ్రైవరు తువ్వాలులో ముఖం దాచుకుని గోడ వారనే చతికిలబడ్డాడు.

వరండాలో విలేకరులు చుట్టుముట్టే లోపు మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని స్తంభం చాటుకి లాగారు. పట్టు గట్టిగా ఉంది. కొడతారేమో అనుకున్నాను.

"చూశావన్నమాట. నాకెందుకు చెప్పలేదే?" గొంతు పీలగా వచ్చింది.

"మీరు అడగలేదండీ," అన్నాను.