తౌడుకి అమ్మిన పిల్ల

మా కాసులు ఏడు నెలలు అరిచింది. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా. ఎందుకు అరిచిందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. చివర్లో కారణం తెలుస్తుందేమోనని ఎవరూ ఎదురుచూడకుండా ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

ఎనభై నాలుగు, ఎనభై అయిదు నాటి మాట. దానికప్పుడు రెండేళ్ళు. మేం కలకత్తాలో, ఖిదిర్‌పూర్ డాకు వెనక బస్తీలో ఉండేవాళ్ళం. మా ఆయన గవరయ్య డాకులో ఓడల సరుకు దించే పని చేసేవాడు. మా వరసలో పద్దెనిమిది గదులు, ఎదుటి వరసలో పద్దెనిమిది. మధ్యలో సందు ఎంతుండేదంటే, ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి ఒరిగి దారివ్వాలి. అలాంటి చోట పిల్ల రెండు గంటలు అరిస్తే అది ఒక్క ఇంటి గొడవగా ఉండదు. సందు మొగలో ఉన్న పార్టీ ఆఫీసు నుంచి ఒక దాదా కూడా వచ్చాడు. అక్కడ దాదా అంటే అన్న, బౌదీ అంటే వదిన. "బౌదీ, మీటింగులో మా మాట మాకే వినపడటం లేదు" అన్నాడు పాపం, మర్యాదగానే.

దాన్ని ఏడుపు అనకూడదు, అరుపే. నాలుగయ్యేసరికి చేతిలో ఉన్న మరమరాల గిన్నె విసిరేసి, నడుం వెనక్కి విరుచుకుని, గొంతు చిరిగేలా మొదలుపెట్టేది. ఎత్తుకుంటే తన్నేది. దించితే తల నేలకేసి కొట్టుకునేది. ఆరవగానే ఎవరో కుళాయి కట్టేసినట్టు ఆపేసి, అన్నం పెట్టమనేది. మిగతా ఇరవై రెండు గంటలూ బంగారం. సందులో కనపడ్డ ప్రతివాణ్ణీ దాదా అని పిలిచి నవ్వేది. అందుకే నాలుగింటికి వచ్చి కళ్ళారా చూస్తే తప్ప నా మాట ఎవరూ నమ్మేవారు కాదు.

మేం చేయనిది లేదు. డాక్టరుబాబు చెవులు చూశాడు, గొంతు చూశాడు, పొట్ట నొక్కి పురుగుల మందు రాశాడు. రెండోసారి వెళ్తే, "ఇంట్లో మీరు బాగా గట్టిగా మాట్లాడతారా?" అని అడిగాడు. గట్టిగానే జవాబు చెప్పి వచ్చేశాను. మెటియాబ్రుజ్‌లో ఒక ఫకీరు నీళ్ళు మంత్రించి ఇచ్చాడు. తాయెత్తు కట్టాం, ఉప్పు తిప్పి దిష్టి తీశాం. గవరయ్యకి నాలుగింటికి మోగే డాకు సైరన్ మీద అనుమానం. అదీ చూద్దాం అనుకుంటూండగానే బంద్ వచ్చింది. ఆ రోజు సైరన్ లేదు, బస్సు లేదు, కొట్టు లేదు, ఊరంతా కాళ్ళు చాపుకుని పడుకుంది. నాలుగింటికి కాసులు మాత్రం డ్యూటీ ఎక్కింది.

నాకు కోపం ఎక్కువ. ఇది బస్తీ మొత్తానికి తెలిసిన సంగతే, దాచేదేం లేదు. ఐదో నెలలో ఒక రోజు పిల్లని కొట్టాను. వీపు మీద నా వేళ్ళు తేలాయి. అది అరుపు ఆపలేదు సరికదా, కొట్టిన నా చేతినే గట్టిగా పట్టుకుని అరిచింది. అప్పట్నుంచి నాకొక భయం పట్టుకుంది. ఇది నా వల్లే అరుస్తోందేమో. నాలో ఏదో ఉంది, దానికే ఈ పిల్ల ఇలా అయిపోతోందేమో. ఈ మాట గవరయ్యతో కూడా అనలేదు.

నేను అనకపోయినా మా అత్త అప్పలకొండమ్మ అనేసింది. మనవరాలిని చూసి పది రోజులుండి పోదామని సోంపేట దగ్గర మా ఊరి నుంచి వచ్చిందావిడ. మూడు సాయంత్రాలు మంచం మీద కూర్చుని చూసి, నాలుగో నాడు తీర్పు చెప్పింది.

"కోపం మీద పాలిచ్చినావు. ఆ ఏడి గుంట ఒంట్లోకి దిగిపోనాది. నీ కాడ ఉన్నన్నాళ్ళూ ఇది ఇలాగే ఏడుస్తాది. నాతో అంపీయండి. ఐదేళ్ళొచ్చినాక తెచ్చుకుందురు."

"పిల్లనెలా అంపుతానత్తా?"

"ఏటెలా? శనివారం హౌరాలో రైలెక్కుతాను. గుంటకి టిక్కట్టు కూడా అక్కర్లేదు."

గవరయ్య వైపు చూశాను. పొద్దుటి నుంచి బస్తాలు మోసి వచ్చి గోడకి చేరగిలబడి ఉన్నాడు. "కొన్నాళ్ళే కదేటి" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు, అలిసిపోయాడు. అయినా ఆ మాటకి అతన్ని చాలా ఏళ్ళు క్షమించలేదు. అంతకంటే ఎక్కువ కోపం నా మీద నాకే వచ్చింది. ఎందుకంటే అత్త ఆ మాట అన్నప్పుడు, సాయంత్రాలు చప్పుడు లేకుండా ఉంటాయి కదా అని ఒక్క క్షణం నా ప్రాణం కూడా ఆశపడింది.

అత్త ఒక్క గడువిచ్చింది. వెళ్ళేలోపు పిల్లని తౌడుకి అమ్మి చూద్దాం, అప్పటికీ మానకపోతే రైలెక్కించాల్సిందే అంది.

పుట్టిన పిల్లలు దక్కనప్పుడు మా వైపు చేసే తంతు ఇది. చేటెడు తౌడు పుచ్చుకుని పిల్లని పరాయి మనిషికి అమ్మేస్తారు. కొన్నావిడ పిల్లని తన గడప లోపలికి తీసుకెళ్ళి, ఒక ముద్ద తినిపించి, బయటికొచ్చి, నా పిల్లని పెంచిపెట్టు అని కన్నతల్లికే అప్పజెబుతుంది. పిల్లని పట్టిన పీడ, ఇది ఈ ఇంటి పిల్ల కాదనుకుని పోతుందట. మా ఊళ్ళో ఇద్దరు తవిటమ్మలూ ఒక తవిటినాయుడూ అలా బతికినవాళ్ళే. అరిచే పిల్లకి ఈ తంతు చేస్తారని మాత్రం నేనెప్పుడూ వినలేదు. అయినా నోరు మూసుకున్నాను. రైలు కంటే తౌడు నయం కదా.

కొనడానికి అత్త ఎదుటి వరసలో ఉండే మా వైపు మనిషి జగ్గమ్మని ఎంచింది. జగ్గమ్మ కార్పొరేషన్‌లో వీధులూడ్చే పని చేసేది. భర్త పోయాడు, పిల్లల్లేరు, ఒంటరిగా ఉండేది. "నోట్లో నాలిక లేని మనిసి. కోపవంటే ఏటో దానికి తెల్దు. అలాటి సెయ్యి పడాల" అంది అత్త. తౌడు మాత్రం గవరయ్య బిహారీ పాలవాళ్ళ పశువుల శాలకి వెళ్ళి బతిమాలి తెచ్చాడు. కొనేవాళ్ళు తేవాల్సిన తౌడు అమ్మేవాళ్ళమే తెచ్చుకున్నాం.

గురువారం మూడున్నరకి సందంతా జగ్గమ్మ గడప ముందు చేరింది. జగ్గమ్మ చేట అందించింది, అత్త పుచ్చుకుంది. నేను కాసులుని ఇచ్చాను. అది జగ్గమ్మ మెళ్ళో పూసలు పట్టుకుని నవ్వింది. జగ్గమ్మ లోపలికి వెళ్ళి, తలుపు వేసి, గెడ పెట్టుకుంది.

గెడ పెట్టడం తంతులో లేదు.

ఒక్క ముద్ద తినిపించడానికి ఎంతసేపు పడుతుంది? పావుగంట చూసి అత్త కేకేసింది. "జగ్గమ్మా, అయిపోనాదేటి? పిల్లని తే." తలుపు తెరుచుకోలేదు. పిల్లల్లేని మనిషికి నా పిల్లని నా చేతులతో ఇచ్చానని అప్పుడు వెలిగింది నాకు. వెళ్ళి తలుపు బాదాను.

"పిన్నీ, తలుపు తియ్యి! నా పిల్లనియ్యి!"

"నీ పిల్లేటి? నాకు అమ్మీసినావు కదా" అంది జగ్గమ్మ నెమ్మదిగా. "ఎల్లి టీ తాగు."

నేనేం తిట్టానో ఇక్కడ చెప్పను. తిడుతూండగానే నాలుగైంది. లోపల కాసులు మొదలుపెట్టింది.

ఆ అరుపు బయట నిలబడి వినడం నాకదే మొదటిసారి. అదే అరుపు. అలాగే గొంతు చిరగడం, మధ్యలో ఊపిరందక ఆగడం, తల నేలకి తగిలిన చప్పుడు. అయితే శనివారం రైలే అనుకున్నాను. తలుపు బాదడం మానేసి ఆ గడప మీదే కూర్చున్నాను. అత్త తౌడు చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, నా వైపు చూడలేదు. చూడ్డానికొచ్చిన వాళ్ళలో ఒక్కరూ ఇంటికి పోలేదు.

ఆరింటికి గెడ తీసిన చప్పుడైంది. జగ్గమ్మ ముడి ఊడిపోయింది, చెంప మీద గోటి గీత, జాకెట్టు భుజం దగ్గర చిరిగింది. కాసులు ఆవిడ భుజం మీద తల పెట్టుకుని వేలు చీకుతోంది. జగ్గమ్మ గడప మీదున్న నన్ను దాటింది. తిన్నగా అత్త ముందుకెళ్ళి నిలబడింది.

"వదినా, నాను దీనికి పాలివ్వలేదు. నాకు కోపం తెల్దని నువ్వే అన్నావు. మరి నా కాడెందుకు ఏడిసినాది?"

అత్త ఒళ్ళోని తౌడు చేట పక్కన పెట్టింది.

"దీని తల్లి తప్పేటీ లేదు. అది తేల్చుకుందావనే గెడెట్టినాను. ఇంకో మాట. తౌడిచ్చి కొన్నాను, అందరూ సూసినారు. ఈ పిల్ల నాది. నా పిల్లని రైలెక్కించడానికి నాను ఒప్పుకోను."

"అదేటే? మాటవరసకి సేసిన తంతుకి..."

"మాటవరసకా? అయితే ఆ ముక్క గట్టిగా అను. పీడ కూడా ఇంటాది."

అత్త అనలేకపోయింది. నన్ను ఎన్ని అన్నా, మనవరాలంటే ఆవిడకి ప్రాణం. తంతు ఉత్తిదే అని తన నోటితో అంటే పిల్లకేమవుతుందోనని బెదిరిపోయింది. పట్టుబట్టి అమ్మించింది ఆవిడే. అమ్మేశాక ఆ పిల్ల ఎక్కడుండాలో చెప్పే హక్కు మాలో ఎవరికీ లేదు.

జగ్గమ్మ నా వైపు తిరిగింది. "సుందరీ, నా పిల్లని పెంచిపెట్టు. నీ కాడే ఉంచుకుని పెంచు."

పిల్లని అందుకుని, అంతమంది ముందూ భోరున ఏడ్చాను. నా తప్పు కాదట. ఇన్నాళ్ళుగా ఎవరో ఒకరు ఆ మాట అంటారని నేను ఎదురుచూస్తున్నట్టు నాకే తెలీదు.

మర్నాడు శుక్రవారం, నాలుగింటికి కాసులు మళ్ళీ మొదలుపెట్టింది. నేను లేచేలోపే అత్త మంచం దిగి వచ్చి దాన్ని ఎత్తుకుంది. జగ్గమ్మ పట్టగలిగింది, తను పట్టలేదా అని పంతం కాబోలు. వచ్చినప్పట్నుంచి ఆ వేళప్పుడు ఆవిడ పిల్లని ముట్టుకోవడం అదే మొదలు. కాసులు గుండెల మీద తన్నింది, ముక్కుపుడక పట్టి లాగింది, జుట్టు పీకింది. అత్త జోలపాట పాడింది, ఊళ్ళో దేవతలందర్నీ పిలిచింది, కాసేపటికి రెండూ మానేసింది. ఐదవుతూండగా చెమటతో తడిసి ముద్దై నా వైపు చూసింది.

"ఒలే సుందరీ, రోజూ ఇంతేనేటే నీకు?"

"రోజూ ఇంతే అత్తా."

పిల్ల కోసం చేతులు చాచాను. అత్త ఇవ్వలేదు.

"నువ్వు కూకో" అంది. ఆరు దాకా తనే పట్టుకుంది.