సత్తెమ్మ తుడిచిన నేల

కొత్తగూడ చౌరస్తా దగ్గర పాత గోదామొకటి ఐటీ ఆఫీసుగా మారుతోంది. కింది అంతస్తులో అప్పటికే కుర్ర ఉద్యోగులు కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. మొదటి అంతస్తులో కూలీలు పాత సీలింగు రేకులను సుత్తెలతో పగలగొడుతున్నారు. ఆ తెల్లటి దుమ్మును ఊడ్చే పని సత్తెమ్మది. ఆరు వారాలుగా ఊడుస్తోంది, ఆరు వారాలుగా దగ్గుతోంది.

సత్తెమ్మ అక్క కూతురు భవాని. జనగామ పక్క ఊళ్లో సర్కారు బడిలో చదివి, డిగ్రీ చేసి, మాదాపూర్‌లో దుమ్మును పరీక్ష చేసే చిన్న ల్యాబులో చేరింది. కొండాపూర్‌లో చిన్నమ్మ కిరాయి గదిలోనే ఉంటుంది. అలాంటి పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుందని ఆమెకు తెలుసు. కంటికి కనపడని ఆ పోగులు ఊపిరితిత్తుల్లో గుచ్చుకుని ఇరవై ముప్పై ఏళ్లు ఊరుకుంటాయి, తర్వాత మనిషిని తినేస్తాయి. చెబితే చిన్నమ్మ నవ్వేది.

"ముప్పయ్యేండ్లా? అప్పటిదాంక నేను బతికుంటే దావత్ చేసుకుందం బిడ్డా."

కింది అంతస్తు వాళ్లు దుమ్ము మీద ఫిర్యాదు చేస్తే కంపెనీ భవాని ల్యాబుకే పరీక్ష అప్పగించింది. నమూనాలో పోగులు తేలితే పని ఆగుతుంది, రేకులను తడిపి జాగ్రత్తగా దింపుతారు, కూలీలకు మాస్కులిస్తారు. భవాని ఆ రాత్రి అన్నం తింటూ ఉండబట్టలేక, "ఎల్లుండి నేనే వస్తున్న చిన్నమ్మా, మీ తానికి" అంది.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సుల్లేవు. నమూనాల పెట్టె భుజాన వేసుకుని భవాని మాదాపూర్ నుంచి నడిచే పోయింది. మెట్లెక్కగానే ఫినాయిలు వాసన కొట్టింది. నేల అద్దంలా మెరుస్తోంది. కిటికీ గట్లు, బల్లలు, తలుపు పైభాగం కూడా తడిగా ఉన్నాయి. కొత్త చీర కట్టుకుని సత్తెమ్మ ఒక పక్క నిలబడి ఉంది.

"మూడుసార్లు తుడిచిన" అంది మెల్లగా. "మా బిడ్డ ఆఫీసర్ లెక్క వస్తుంటే దుమ్ముల నిలవెడ్తనా? నీ బట్టలు గూడ ఖరాబవ్వద్దు గద."

సూపర్‌వైజర్ మధుకర్ నవ్వాడు. "తెలంగాణ వచ్చేటట్టే ఉన్నది మేడం. దుమ్ముకు గూడ మర్యాద నేర్పినం."

భవాని ల్యాబు యజమాని రామబ్రహ్మానికి ఫోన్ చేసింది. "అంతా కడిగేసిండ్రు సార్, వారం ఆగి తీసుకుందాం."

"బస్సుల్లేని రోజుల్లో ఇంకోసారి ఎవరొస్తారమ్మా? కంపెనీ ఇచ్చిన కాగితంలో రాసిన చోట్ల నుంచే తీయండి."

కాగితంలో నేల, కిటికీ, బల్ల అని ఉంది. సీలింగు అని లేదు. ఆమె ఆ మూడు చోట్లా టేపు అంటించి, దానికి అంటినదానితో ఎత్తి, చీటీ రాసింది.

మర్నాడు గాజుపలక మీద నూనె చుక్క వేసి, మైక్రోస్కోపు కింద గంటల తరబడి చూసింది. మెలికలు తిరిగిన నూలు పోగులు, అవి తుడుపుగుడ్డవి. రంగు పెచ్చులు. వెంట్రుక ముక్క. ఆస్బెస్టాస్ లేదు.

ఆ సాయంత్రం చిన్నమ్మ ఉతకడానికి పడేసిన రోజువారీ చీర కొంగుకు టేపు అంటించి, ఆ టేపును తెల్లారి ల్యాబుకు తెచ్చి చూసింది. అలలుగా వంగిన సన్నని పోగుల కట్టలు, చివర్లు చీపురులా విడిపోయి ఉన్నాయి. పలకను తిప్పితే ఒకసారి మెరిసి, ఒకసారి చీకటవుతున్నాయి. ఒకటి కాదు, లెక్కలేనన్ని.

రామబ్రహ్మం చాలాసేపు చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆస్బెస్టాసేనమ్మా, సందేహం లేదు. కానీ చీర మన క్లయింటు కాదు కదండి. అడిగిన చోట లేదు, లేదని రాయండి. అది అబద్ధం కాదు."

అబద్ధం కాదు. భవాని కూడా ఆ మాటనే పట్టుకుని సంతకం పెట్టింది.

సోమవారం ఆ రిపోర్టు నకలు మెట్ల దగ్గర గోడకు అతికించారు. కింద ఫిర్యాదులు ఆగాయి. మధుకర్ రెండో అంతస్తు పని కూడా మొదలుపెట్టాడు. సత్తెమ్మ కూలీలందరినీ పిలిచి, చదువురాని వాళ్లకు వేలితో చూపించింది, ఇది మా అక్క బిడ్డ సంతకమని. ముక్కులకు కట్టుకున్న తువ్వాళ్లు వాళ్లే విప్పేశారు.

ఇంటికొచ్చి సత్తెమ్మ ఈ ముచ్చట చెబుతుంటే భవాని తినడం ఆపింది. చీర సంగతి, నూనె చుక్క సంగతి, అంతా చెప్పింది. సత్తెమ్మ విన్నది. కొంగు చివర వేళ్ల మధ్య నలుపుతూ కూర్చుంది.

"అంటే నేను తుడువకపోతే దొరుకుతుండెనా?"

భవాని పళ్లెం పక్కకు జరిపింది.

"రేపు పోయి చెప్త చిన్నమ్మా, రిపోర్టు తప్పని."

"చెప్తే నీ నౌకరి ఉంటదా?" సత్తెమ్మ దగ్గి, నీళ్లు తాగింది. "వద్దు. నువ్వు రాసినవ్, నేను అందరికి చూపిచ్చిన. ఇగ ఊకో."

తెల్లారి ఆమె చీపురు పట్టుకుని పనికి పోయింది. ముక్కుకు గుడ్డ కట్టుకోలేదు. ఆమె కట్టుకుంటే కూలీలు అడుగుతారు, ఎందుకని.