తరుగు పోను మిగిలింది

మల్లేశ్వరి చరిత్రలో ఎమ్మే చదవడానికి ఎనభై వేల రూపాయల అప్పు అయింది. అప్పు ఆమె చదువుది. ఎనిమిదేళ్లుగా దాన్ని మోస్తున్నది మాత్రం ఆస్పరి పక్కన ఆమె తండ్రి దేవేంద్రప్ప మెట్ట చేను.

ఆదోనిలో పత్తి మండీ నడిపే శేషన్న ఆ డబ్బు ఇచ్చిన రోజు కాగితం అడగలేదు, వడ్డీ అడగలేదు. మూటల మీద కూర్చున్న రైతులందరి ఎదుట ఒక్క మాట మాత్రం అడిగాడు. "బాకీ తీరేదాకా నీ పత్తి ఇంగొక అంగడి గడప తొక్కకూడదు, దేవేంద్రప్పా." దేవేంద్రప్ప చేతులు జోడించి ఒప్పుకున్నాడు. శేషన్న అప్పుడు మల్లేశ్వరి వైపు తిరిగి నవ్వాడు. "సరిత్ర సదివి ఏం సేస్తావు పాపా? సచ్చినోళ్ల సంగతులు సెప్తే బతికినోళ్లు దుడ్లిస్తారా?" మండీ అంతా నవ్వింది. తండ్రి కూడా నవ్వడం ఆమె చూసింది.

ఒక పర్యవసానం కనబడితే దాని కారణం దొరికేదాకా వెనక్కి నడవడమే చదువు ఆమెకు నేర్పిన విద్య. చేను ఏటా ముప్పై క్వింటాళ్లు పండుతున్నా ఇంటి కప్పు ఎందుకు మారడం లేదని ఆలోచించి, ఆమె శేషన్న తక్కెడ దగ్గరికి చేరింది. తేమ ఉందని క్వింటాలుకు నాలుగు కిలోల తరుగు, కిలో డెబ్భై రూపాయల లెక్కన. పక్క అంగడి ధర కన్నా క్వింటాలుకు మూడు వందలు తక్కువ. రెండూ కలిపితే ఏడాదికి పదిహేడు వేల నాలుగు వందలు. వడ్డీ లేని ఆ అప్పు ఎనిమిదేళ్లలో లక్షా ముప్పై తొమ్మిది వేల రెండు వందలు తినేసింది. అసలు ఎనభై వేలు మాత్రం చెక్కుచెదరకుండా అక్కడే ఉంది.

ఆ ఎమ్మే పట్టా సంపాదించి పెట్టినదేమిటి? ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు కాలేజీలో నెలకు పద్నాలుగు వేలు. గది అద్దె, తల్లి మందులు పోను ఎలాగో ఇరవై వేలు కూడబెట్టి శేషన్న ముందు పెడితే, అతడు ఆ కట్టను వేలితో వెనక్కి నెట్టాడు. "సిల్లరగా వద్దు పాపా. అంతా ఒకేసారి తే." అతడికి కావలసింది డబ్బు కాదనీ, పత్తి అనీ ఆమెకు ఆ రోజు తెలిసింది. తండ్రి పత్తిని ఆ గడప నుంచి విడిపించాలి, అదీ శేషన్న నోటితోనే, నవ్విన ఆ మండీలోనే అన్న పంతం ఆ రోజే పుట్టింది.

మల్లేశ్వరి సాయంత్రాలు తన గదిలో గ్రూప్స్ పరీక్షలకు చరిత్ర చెప్పేది. ఆమె దగ్గర చదివిన ఇద్దరికి ఉద్యోగాలు వచ్చాయన్న మాట ఆదోనికి పాకింది. శేషన్న ఫోన్ చేశాడు. తన కూతురు లావణ్యకు చెప్పాలట. ఆమె ఫోనులో మాట ఇవ్వలేదు. పత్తి జోరుగా దిగుతున్న ఉదయం మండీకే వెళ్లింది.

"ఫీజెంతమ్మా?" అన్నాడు శేషన్న, రైతులకు వినబడేలా.

"ఇప్పుడేమీ వద్దు సావుకారీ. నాకు ముట్టవలసింది ముట్టేదాకా లావణ్య ఇంకో కోచింగు గడప తొక్కకూడదు. అంతే."

"అంతేనా? మాటిచ్చినా పో!" అని అతడు తొడ చరిచాడు. అది తన మాటేనని అతడికి తట్టలేదు. మూటల మీదివాళ్లలో ఒకరిద్దరికి తట్టింది.

లావణ్య చురుకైన పిల్ల. రోజూ బస్సులో వచ్చేది. మల్లేశ్వరి బాగా చెప్పేది, కానీ గంట నిండకముందే పుస్తకం మూసేది. విజయనగర పాలన చెప్పి పతనం వదిలేసింది. పాలెగాళ్ల పుట్టుక చెప్పి తిరుగుబాటు వదిలేసింది.

"అదేందక్కా, సగంలో ఆపితివి?"

"తరుగు" అంది మల్లేశ్వరి. "గాలిలో తేమ ఉంది."

లావణ్య ఆమె ముఖంలోకి చూసింది. "ఇది మా అంగడి మాట కదక్కా" అని సంచి సర్దుకుంది. పిల్ల ముఖం చూసి మల్లేశ్వరి మనసు కొంచెం చివుక్కుమంది. అయినా మరుసటి రోజు తరుగు తగ్గించలేదు.

పరీక్ష దగ్గర పడింది. శేషన్న కబురు పెట్టాడు, కూతుర్ని కర్నూలు కోచింగులో చేరుస్తానని. మాట ఇచ్చినది మండీలో గనుక తేల్చేదీ మండీలోనే అని మల్లేశ్వరి తిరుగు కబురు పంపి, తండ్రి పత్తి దిగే రోజున వెళ్లింది. లావణ్య కూడా అంగట్లోనే ఉంది.

"ఆడపిల్ల బతుకుతో ఆడుకుంటాండావే?" అని శేషన్న లేచాడు.

"పంపించు సావుకారీ, వద్దనలేదు. నాకు ముట్టవలసింది లక్షా ముప్పై తొమ్మిది వేల రెండు వందలు. సిల్లరగా వద్దు. అంతా ఒకేసారి తే."

ఎవరో కిసుక్కుమన్నారు. ఈసారి మండీ నవ్వింది శేషన్నను చూసి.

"ఇయ్యకపోతే ఏం సేస్తావు? కాగితముందా?"

"లేదు. మా నాయన బాకీకీ లేదు." ఆమె మూటల వైపు చూసింది. "ఈడ కూసున్నోళ్లలో ఎవరి బాకీకీ లేదు. నోటి మాటకు విలువ లేదని నువ్వే సెప్పు సావుకారీ, అందరూ ఇంటాండారు."

వెనక వరుసలో తిరుపాల్ అనే రైతు తన మూట మీది నుంచి దిగి, దాని తాడు సరిచేయసాగాడు, ఎత్తుకుపోవడానికి అన్నట్టు. ఆ తాడునే చూస్తూ శేషన్న గొంతు తగ్గించాడు.

"దేవేంద్రప్ప బాకీ సెల్లు."

"వినపల్లేదు."

"సెల్లు! సెల్లంటి కదా!"

ఆమె హమాలీ తిమ్మన్నను పిలిచింది. "అన్నా, మా మూటలు ఎత్తు. ఎదురంగడికి."

"ఈసారికి ఈడనే కాటా కానీలేమ్మా" అన్నాడు దేవేంద్రప్ప బతిమాలుతూ. పొద్దున బండి దిగి, అలవాటు కొద్దీ ఆయనే మూటలను శేషన్న గడప ముందు పేర్పించాడు. "పాపం, ముఖం సూడు ఎట్లైపోయిందో."

"సూస్తాండాను నాయనా. ఎత్తన్నా."

ఒక్కొక్క మూటా శేషన్న కళ్ల ముందే వీధి దాటింది. ఆఖరి మూట లేచాక లావణ్య మెల్లగా అడిగింది. "అక్కా, రేపు క్లాసుందా?"

"ఉంది. నిండు గంట. వదిలేసినవన్నీ సెప్తా."

శేషన్న కుర్చీలో కూలబడ్డాడు. "ఇంగ సరిపాయెనా నీకు?"

"లేదు సావుకారీ. నీ ఎనభై వేలు పోను ఇంకా యాభై తొమ్మిది వేల రెండు వందలు ఉంది" అంది మల్లేశ్వరి. "నువ్వు సిల్లరగా ఇచ్చినా తీసుకుంటా."