ఇరవై మూడో మిక్సు

రెండో పంటగా వేసిన దాళ్వా ధాన్యం మిల్లులకి వచ్చిపడే రోజులవి. మండపేట ఊరి చివర ఆ రైసుమిల్లు ముందు లారీలూ ట్రాక్టర్లూ తెల్లారకముందే వరస కట్టేవి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అక్కడ ఫిట్టరుగా చేస్తున్న ఆశీర్వాదం నాలుగింటికి లేచి అయిదింటికల్లా యంత్రాల దగ్గరుండేవాడు. ఒంటిగంటకి మిల్లు ఆగుతుంది. రెండింటికి మళ్లీ మొదలు. ఆ గంటలో కేరియరు విప్పి నాలుగు ముద్దలు తిని, గోదాములో ఖాళీ గోనెల మీద అరగంట నడుం వాలిస్తేనే సాయంత్రం దాకా మోకాళ్లు అతని మాట వినేవి. యాభై ఏడేళ్ల ఒంటికి ఆ అరగంటే ఆధారం.

నెల రోజులుగా ఆ అరగంట పోయింది.

పట్టుకుపోయింది ఎవరో కాదు, యజమాని మురళీకృష్ణే. ఇంజినీరింగు చదివే రోజుల్లో ఎలక్ట్రిక్ గిటారు పట్టిన మనిషి. తండ్రి చంద్రరావు గారు పోయి మిల్లు నెత్తిన పడ్డాక దాన్ని అటకెక్కించాడు. నలభై ఆరో ఏట మళ్లీ దించాడు. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే రమేష్ బాబు పాడతాడు. రొయ్యల మేత అమ్మే బుల్లిరాజు డ్రమ్ములు వాయిస్తాడు. ముగ్గురూ కలిసి 'కాలువ కట్టేశారు' అని ఒక రాక్ పాట కట్టారు. బయటి చప్పుడు రాకుండా చుట్టూ తవుడు బస్తాలు గోడలా పేర్చుకుని, గొంతూ డ్రమ్ములూ గిటారూ దేనికది విడివిడిగా రికార్డు చేశారు. వాటన్నిటినీ కంప్యూటర్లో ఒకచోట చేర్చి, ఏది ఎంత వినపడాలో సర్దడాన్ని మిక్సింగ్ అంటారట. ఆ సర్దుడు మురళీకృష్ణది. సర్దిన ప్రతిసారీ విని చెప్పడానికి ఒక చెవి కావాలి. ఆ చెవి ఆశీర్వాదానిది.

ఆ చెవి సంగతి చుట్టుపక్కల మిల్లులవాళ్లందరికీ తెలుసు. పాలిషరు బేరింగు రేపు పోతుందనగా ఇవాళ గేటు దగ్గర టీ తాగుతూ చెప్పేస్తాడు. అందుకే ఒంటిగంట కొట్టేసరికి పిలుపు వచ్చేది.

"ఆశీర్వాదం, ఒక్క అయిదు నిమిషాలు వచ్చిపో."

అయిదు నిమిషాలు ఏనాడూ అయిదుతో ఆగలేదు. మేడ మీద ఏసీ గదిలో కూర్చోబెట్టి, పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించి, మురళీకృష్ణ ముందుకి వంగి మొహంలోకి చూస్తూ ఉండేవాడు. ఒంటి మీద చెమట చల్లారేది. కళ్లు మూతలు పడేవి. తల వాలిపోతుంటే ఆశీర్వాదం ఉలిక్కిపడి ఎత్తేవాడు. తాళం వేస్తున్నాడనుకుని యజమాని సంబరపడేవాడు.

"ఎలా ఉంది?"

"బాగుందండి."

"నిన్నటికంటే?"

"నిన్నటికంటే బాగుందండి."

"నిజంగా?"

"ఆయ్."

ఇంకేమంటాడు? పెళ్లి భోజనాల్లో పెళ్లికూతురి తండ్రి పక్కన నిలబడి ఎలా ఉందండీ అని అడిగితే, పులుసులో ఉప్పెక్కువైందని చెప్పే మనిషి ఈ గోదావరి జిల్లాల్లో ఇంకా పుట్టలేదు. బాగుందంటాం, చెయ్యి కడుక్కుంటాం. ఆశీర్వాదం కూడా అంతే. తొందరగా బయటపడదామని బాగుందనేవాడు. ఆ మాట మీద నమ్మకం కుదరక యజమాని మర్నాడు ఇంకో మిక్సు తయారుచేసేవాడు.

ఒకరోజు సాయంత్రం కాళ్లు కడుక్కుంటుంటే భార్య సంపూర్ణమ్మ తువ్వాలు పట్టుకుని నిలబడింది.

"బాగుందన్న కూర ఇంకో గరిటె వడ్డిస్తారయ్యా. బాలేదని చెప్పేయ్, ఇంక పిలవడు."

"ఆ ఇంట్లో ఎప్పుడైనా ఎదురు చెప్పానా?"

"చెప్పలా? పాత బెల్టు వేయించి కక్కుర్తి పడ్డారు, అందుకే తెగిందని పెద్దాయన మొహం మీదే అన్నావుగా."

"అది మిషనే."

"మరిదేంటి?"

ఆశీర్వాదం ఇంకో చెంబుడు నీళ్లు మోకాళ్ల మీద పోసుకున్నాడు.

ఇరవై మూడో మిక్సు రోజున మురళీకృష్ణ మొహం వాడిపోయి ఉంది. సొంతంగా పాటలు చేసుకునేవాళ్లంతా చేరి ఒకరి పాట ఒకరు విని అభిప్రాయం రాసుకునే గ్రూపొకటి ఫోన్లో ఉందట. ఒక పాట పెట్టాలంటే ముందు రెండు పాటలకి రాయాలి. ఇతను రెండు పాటలకీ పేజీలకి పేజీలు రాశాడు. ఇతని పాటకి మాత్రం ఎవరో ఒకే ఒక్క ముక్క రాసి పోయారు.

"ఎక్కడో ఏదో ఒరుసుకుంటోంది బ్రదర్ అంట. రెండు రోజుల్నుంచి వింటున్నాను, నాకేం దొరకట్లేదు. శనివారం పాట వదులుతామని ఊరందరికీ చెప్పేశాం." హెడ్‌ఫోన్లు చేతికిచ్చాడు. "ఎక్కడుంది తేడా?"

ఆశీర్వాదం తలెత్తి చూశాడు. ఆ గదిలో ఆ ప్రశ్న రావడం అదే మొదలు. కింద యంత్రాల దగ్గర రోజూ అడిగేది ఆ ప్రశ్నే. దానికి అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. చెబితే ఎవడి చెయ్యో పోతుంది.

హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టేశాడు.

"మీ గిటారేనండి."

"నా గిటారా?"

"అన్నిటి మీదా ఎక్కి కూర్చుందండి. మొదట్లో ఇంత లేదు. రోజుకి కాస్త పెంచుకుంటూ వచ్చారు. రమేష్ బాబు గారు ఏం పాడుతున్నారో ఆరో సారి నుంచి నాకు తెలీట్లేదు. బుల్లిరాజు గారి పెద్ద డ్రమ్మూ, మీ లావు తీగా ఒక్కచోటే మోగుతున్నాయండి. ఒకే గాడిలో రెండు బెల్టులు వేసినట్టు. రెండూ అరిగిపోతున్నాయి."

మురళీకృష్ణ చెవులు ఎర్రబడ్డాయి.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మొదటి వారం నుంచేనండి."

"మరి రోజూ బాగుందన్నావే!"

"ఎలా ఉందని అడిగారండి."

మురళీకృష్ణ కంప్యూటరు వైపు తిరిగి, తెర మీద గిటారు గీతని కిందికి లాగి, స్పీకర్లలో పాట పెట్టాడు. దుమ్ము దులిపినట్టు రమేష్ బాబు గొంతు బయటికొచ్చింది. నీళ్లు లేని కాలువలో పిల్లలు వికెట్లు పాతుతున్నారని పాడుతున్నాడు.

"ఈ చరణం ఎప్పుడు మార్చాడు వీడు?"

"నాకూ ఇప్పుడే వినపడిందండి."

పాట అయిపోయింది. "వెళ్లు, భోంచెయ్యి," అన్నాడు మురళీకృష్ణ, ఇటు తిరక్కుండా. అప్పటికి రెండు కావస్తోంది.

మర్నాడు పిలుపు రాలేదు. కోరుకున్న అరగంట చేతిలోనే ఉంది. గోనెల మీద వాలాడు గానీ కన్ను మూతపడలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ల అన్నం, ఒక్క మాటకి పోయిందేమో. ఒళ్లంతా పీకుతున్నా నిద్ర మాత్రం రాలేదు. రెండింటికి లేచి స్విచ్చి వేశాడు.

ఆ మర్నాడు ఒంటిగంటన్నరకి గోదాము గుమ్మంలో నీడ పడింది. మురళీకృష్ణ, చంకలో ల్యాప్‌టాప్, మెళ్లో హెడ్‌ఫోన్లు. గోదాములోకి అతను రావడమే అరుదు.

"ఇరవై నాలుగు," అన్నాడు. "గిటారు సగానికి దించాను. బుల్లిరాజు ఫోన్ చేశాడు. నేను కూడా ఉన్నానా ఈ పాటలో, అని వెటకారం. చెప్పు ఆశీర్వాదం, ఇంకా ఎక్కడుంది తేడా?"

ఆశీర్వాదం లేచి కూర్చున్నాడు. హెడ్‌ఫోన్ల కోసం చెయ్యి చాపి, మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఒకటి చెప్పనా బాబుగారూ?"

"చెప్పమనేగా వచ్చింది."

"నెల రోజులుగా నాకు మధ్యాహ్నం నిద్ర లేదండి. కాస్సేపు పడుకుని వింటాను."

"ఈ టైములో పడుకుంటావా నువ్వు?"

"ముప్ఫై ఏళ్లుగానండి."

"ముందే చెప్పొచ్చు కదయ్యా!"

అనేశాక ఆ మాట తనకే వినపడినట్టు మురళీకృష్ణ కళ్లు దించుకున్నాడు.

"సరే, పడుకో. నిన్ను కదిలించను."

వెళ్లిపోతాడనుకున్నాడు ఆశీర్వాదం. వెళ్లలేదు. ఎదురుగా ధాన్యం బస్తా మీద కూర్చుని, హెడ్‌ఫోన్లు తనే పెట్టుకున్నాడు. ఆశీర్వాదం కళ్లు మూసుకున్నాడు. చెవులు మూసుకునే వీలు లేదు. సిమెంటు నేల మీద యజమాని కాలి చెప్పు టక్ టక్ మని మొదలైంది. నాలుగో దెబ్బ ప్రతిసారీ కాస్త వెనక పడుతోంది.

"బాబుగారూ," అన్నాడు, కళ్లు తెరవకుండా. రెండోసారి కాస్త గట్టిగా పిలిచాడు.

"ఆఁ?"

"మీ కాలండి."

చప్పుడు ఆగిపోయింది. రెండింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది.